పూర్వపక్షం ఎవరో ముందు తేల్చుకో

ఒంగోలు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

తత్త్వశాస్త్రంలో పీహెచ్‌డీ చేయాలని నువ్వు నిశ్చయించుకున్నావని, ఆ మాట విన్నప్పటి నుంచి కోవూరులో మీ నాన్న ఎవరితోనూ సరిగా మాట్లాడడం లేదని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. బావకు నేను విడిగా రాస్తాను. నువ్వు పంపిన పరిశోధన ప్రతిపాదనను మాత్రం రెండుసార్లు చదివాను. భాష బాగుంది, శ్రద్ధ కనబడుతోంది, కానీ అందులో ప్రశ్న లేదు.

‘శంకరాచార్యులు, కాంట్: ఒక తులనాత్మక పరిశీలన’ అని పేరు పెట్టావు. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, ఇక్కడ పోలిక ఉంది, అక్కడ భేదం ఉంది అని మూడు వందల పేజీలు రాస్తే కాదనేవారెవరూ ఉండరు. ఎవరూ కాదనడానికి వీల్లేని మాటను నిరూపించవలసిన పని కూడా ఉండదు. పీహెచ్‌డీకి సమర్పించే రచనను మనం సిద్ధాంత గ్రంథం అంటున్నాం గదా, మన శాస్త్రకారులెవరూ పూర్వపక్షం, అంటే ఎదుటి వాదం, చెప్పకుండా సిద్ధాంతం చెప్పలేదు. ఎదుటివాడి వాదాన్ని వాడికంటే బలంగా నిలబెట్టి, ఆ తరువాతే దాన్ని ఖండించేవారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో ఎం.ఏ. కోసం 1908లో రాసిన వ్యాసం వేదాంతంలోని నీతిశాస్త్రం గురించి. వేదాంతంలో నీతికి చోటు లేదని వాదించేవాళ్లు ఎదురుగా ఉన్నారు గనుకనే ఆ వ్యాసం పుట్టింది. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు. నీ ప్రతిపాదనలో నీకు ఎదురుగా ఎవరున్నారో నాకు కనబడలేదు.

ఎటువంటి ప్రశ్న వెతకాలో ఒక ఉదాహరణతో చెబుతాను; ఇదే తీసుకొమ్మని కాదు. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహమనే న్యాయశాస్త్ర గ్రంథంలో ఏడు పదార్థాలు, అంటే లోకంలో ఉన్నవాటిలో ఏడు రకాలు, చెప్పి, ఏడవదిగా అభావాన్ని, అంటే లేకపోవడాన్ని, చేర్చాడు. నేల మీద కుండ లేదని మనకు ఎలా తెలుస్తుంది? ఆ లేకపోవడం కంటికే కనబడుతుందని నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వారు, అన్నారు. కాదు, దానికి అనుపలబ్ధి (కనబడకపోవడం) అనే వేరే ప్రమాణం, అంటే తెలుసుకునే సాధనం, కావాలని మీమాంసకులలో కుమారిల భట్టు శాఖవారైన భాట్టులు అన్నారు. అక్కడ ఉన్నది ఉత్త నేలే, అభావమనే మరో పదార్థం లేనే లేదని మీమాంసలోనే రెండో శాఖవారైన ప్రాభాకరులు అన్నారు. ఈ తగవు వందల ఏళ్లు నడిచింది. ఇప్పుడు మన ఇంటి మాట చూడు. ‘కుండ గుడ్డ కాదు’ అంటాం, ‘నేల మీద కుండ లేదు’ అంటాం. పసిపిల్లవాడు కూడా ఈ రెండింటినీ తారుమారు చేయడు. మొదటిది శాస్త్రం చెప్పే అన్యోన్యాభావం (ఒకటి మరొకటి కాకపోవడం), రెండవది సంసర్గాభావం (ఒకచోట ఒకటి లేకపోవడం). సంస్కృతంలో రెండు చోట్లా ‘న’ అనే ఒక్క నిషేధంతోనే పని జరుగుతుంది గనుక, ఆ భేదాన్ని విభక్తులను చూసి విడదీయవలసి వచ్చింది. మనకు క్రియలే వేరు. అలాంటప్పుడు ఈ భేదం వస్తువులలో ఉన్నదా, మాటలలో ఉన్నదా? తెలుగు దీనికి సాక్ష్యమవుతుందా, లేక భాషను సాక్ష్యంగా పిలవడమే పొరపాటా? ఇదీ ప్రశ్న అంటే. చిన్నది, రెండు వైపులా వాదించదగినది, నువ్వు చెప్పింది తప్పని ఎవరైనా చూపించే వీలున్నది. (నలభై ఏళ్ల క్రితమే ఇది నాకు తట్టి ఉంటే ఎంత బాగుండేది!)

నాకు అప్పట్లో ఇచ్చిన విషయం ‘భారతీయ దర్శనాలలో మోక్ష భావన’. నేను ఎంచుకున్నది కాదు, గైడ్ ఇచ్చింది. తొమ్మిది దర్శనాలకు తొమ్మిది అధ్యాయాలని లెక్క వేసుకుని రెండేళ్లు నోట్సు రాసుకున్నాను. ఇంతలో ఆయన రిటైరయ్యారు. కొత్తగా వచ్చినాయన మొదటి అధ్యాయం నుంచి మళ్లీ రాయమన్నారు, నేను కూడా ఎదురు చెప్పలేకపోయాను. పట్టా చేతికి వచ్చేసరికి మా పెద్దవాడు మూడో తరగతి చదువుతున్నాడు. ఇప్పుడు విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2022 నిబంధనల ప్రకారం రిటైర్మెంటుకు మూడేళ్లలోపు ఉన్న అధ్యాపకులు కొత్త విద్యార్థులను తీసుకోకూడదు. ప్రొఫెసరు దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురికి మించి ఉండకూడదు. అందుచేత విశ్వవిద్యాలయం పేరు చూసి దరఖాస్తు పెట్టే ముందు, నీకు గైడ్ కాబోయే ఆయన సర్వీసు ఎంత మిగిలి ఉందో, ఆయన దగ్గర ఖాళీ ఉందో లేదో కనుక్కో. అన్నిటికంటే ముఖ్యంగా, ఆయన వద్ద ఇప్పుడు చదువుతున్న ఇద్దరు ముగ్గురిని కలిసి, రాసి ఇచ్చిన అధ్యాయం ఎన్నాళ్లకు తిరిగివస్తుందో అడుగు. తిరిగివచ్చిన కాగితాల మీద దిద్దుబాట్లు ఉంటాయా, సంతకం మాత్రమే ఉంటుందా అన్నది కూడా అడుగు.

డబ్బు సంగతి క్లుప్తంగా. ఏటా రెండుసార్లు జరిగే జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధక వేతనం వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తరువాత 42,000 రూపాయలు ఇస్తారు. జేఆర్‌ఎఫ్ రాకపోయినా, 2024 నుంచి నెట్ మార్కులతోనే పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హత పొందవచ్చు; అందులో నెట్‌కు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం లెక్కవేస్తారు. తప్పు సమాధానానికి మార్కులు కోయరు గనుక ఏ ప్రశ్ననూ వదిలిపెట్టకు. కోర్సువర్కుతో కలిపి కనీసం మూడేళ్లు పడుతుంది. గడువు ఆరేళ్లు, మహిళలకు మరో రెండేళ్ల వెసులుబాటు ఉంది. ఆ తరువాత ఉద్యోగం మాత్రం నేను హామీ ఇవ్వలేను. మన వైపు డిగ్రీ కాలేజీలలో ఈ సబ్జెక్టుకు పోస్టులు అరుదు, ఆ విషయంలో బావ భయం అర్థం లేనిది కాదు. ఈసారి రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువులో నీ పేరున ఉద్యోగ రొట్టె పట్టుకుంటానని మీ అమ్మ అంటోంది. పట్టుకోనివ్వు.

ఎక్కడ చేరాలన్నది నీ ప్రశ్నను బట్టి ఉంటుంది. హైదరాబాదు, తిరుపతి అని రెండే రాశావు. మద్రాసు నీకు తోచలేదెందుకో. నెల్లూరులో ఉదయం రైలెక్కితే మధ్యాహ్నానికి అడయారు గ్రంథాలయంలో కూర్చోవచ్చు, అక్కడ సంస్కృత తాళపత్రాలే వేలల్లో ఉన్నాయి. మద్రాసు విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్ర విభాగం రాధాకృష్ణన్ పేరుతోనే నడుస్తోంది. ఏ ఊరైనా సరే, నీ విషయం మీద ఇప్పటికే వచ్చిన సిద్ధాంత గ్రంథాలను, వాటిని భద్రపరిచే శోధ్‌గంగ వెబ్‌సైటులో చదవకుండా ప్రతిపాదన ముగించకు. అవన్నీ గొప్పవని కాదు. నాలుగు చెడ్డవి చదివితే నువ్వు ఏమి చేయకూడదో తెలుస్తుంది.

సంస్కృతం మాట అడగకుండా తప్పించుకున్నావు. అనువాదం మీద ఆధారపడి శంకరుల గురించి రాసేవారికి, తాము ఖండిస్తున్నది శంకరులనో అనువాదకుణ్నో తెలియదు. రోజుకు ఒక గంట చొప్పున తర్కసంగ్రహాన్ని, దానికి అన్నంభట్టే రాసిన దీపిక అనే వ్యాఖ్యతో సహా ఒక పండితుడి దగ్గర కూర్చుని చదివితే ఏడాదిలో అయిపోతుంది. చదివేటప్పుడు పుస్తకంలోని వాక్యాన్ని ఒక రంగులోను, నీ మాటను మరో రంగులోను రాసుకో. ఇతరుల రచనలతో సారూప్యం పది శాతం దాటితే గ్రంథం వెనక్కి వస్తుంది. అలా గ్రంథం వెనక్కి వచ్చినవాళ్లలో చాలామంది దొంగలు కారు, మూడేళ్ల నాటి నోట్సులో ఏది తమదో మరిచిపోయినవాళ్లు.

సంక్రాంతికి నేను కోవూరు వస్తాను. ఆలోపు ఒకే ఒక్క పేజీ రాసి పంపు. అందులో నీ అభిప్రాయం ఒక్క ముక్క కూడా ఉండకూడదు. నువ్వు ఎవరితో విభేదిస్తున్నావో, వారి వాదమేమిటో, వారే చదివినా ‘అవును, నేను అన్నది ఇదే’ అని ఒప్పుకునేటట్లు ఉండాలి. మిగతాది పండుగ నాడు మాట్లాడుకుందాం.

మీ మామయ్య