మీరడిగారు, మేం చెబుతాం: తోలు బూట్లకు ఏ పాలిష్?

ప్ర: బడికి వేసుకుపోయే నల్ల తోలు బూట్లకు రోజూ పొద్దున డబ్బీ పాలిష్ పూస్తున్నాను. ఏడాది తిరక్కుండానే వేళ్ల దగ్గర మడతపడే చోట తెల్లగీతలు పడి, పొట్టు లేస్తోంది. పాలిష్ నాసిరకమా? డబ్బీ, క్రీమ్, సీసా వీటిలో ఏది కొనాలి?
– ఒక ఉపాధ్యాయుడు, మిర్యాలగూడ

జ: పాలిష్‌ను తిట్టకండి, రోజూ పూయడం వల్ల వచ్చిన తంటా ఇది. డబ్బీ పాలిష్‌లో ఉండేది ప్రధానంగా మైనం. కార్నౌబా మైనం, తేనెమైనం, పారఫిన్ లాంటివాటిని టర్పెంటైన్ రకం ద్రావకంలో కరిగించి రంగు కలుపుతారు. పూశాక ద్రావకం ఆవిరైపోయి మైనం పొర మిగులుతుంది. పాతది తీయకుండా రోజుకో పొర ఎక్కిస్తే మందమవుతుంది. అడుగు వేసినప్పుడల్లా మడతపడే చోట అది పగలక ఏం చేస్తుంది?

ముందు పగిలింది మైనమా, తోలా చూసుకోండి. గోటితో మెల్లగా గీకితే నల్లపొట్టు రాలిందా, అది మైనమే, బెంగ లేదు. గీత లోపల పీచు కనబడితే తోలే పగిలింది. దాన్ని ఏ పాలిషూ అతికించదు, రంగుతో కప్పుకోవడమే.

మైనం తీయడానికి లేసులు విప్పి, పాత బనీను గుడ్డ మీద నాలుగైదు చుక్కల టర్పెంటైన్ వేసి మడతల దగ్గర తుడవండి. గుడ్డ నల్లబడ్డకొద్దీ చోటు మారుస్తూ పోవాలి. అదేపనిగా రుద్దితే కంపెనీ వేసిన రంగూ ఊడొస్తుంది, అందుకే ముందు బూటు నాలుక (లేసుల కింద ఉండే తోలు పట్టీ) కింద కనబడని చోట చూసుకోవడం మంచిది. అరగంట గాలికి ఆరాక క్రీమ్ పట్టించండి.

క్రీమ్‌లో మైనంతో పాటు నూనె, నీరు ఉంటాయి, రంగు పాలు ఎక్కువ. తోలు మెత్తగా ఉంటుంది, వెలిసినచోట రంగు పడుతుంది, మెరుపు మాత్రం ఒక మెట్టు తక్కువ. మెరుపుకూ చినుకుల నుంచి కాపుకూ డబ్బీ. స్పాంజి మూత సీసా బస్సు తప్పిపోయేలా ఉన్న రోజుకు. ఆరాక అది ప్లాస్టిక్ పొరలా ఉండిపోతుంది, నెలల తరబడి వాడితే పెచ్చులు తప్పవు. ఒకటే కొనేటట్లయితే క్రీమ్ కొనండి.

రోజూ చేయాల్సింది దుమ్ము దులపడం. మొరం రోడ్ల దుమ్ములో సన్నని ఇసుక ఉంటుంది. దాని మీదే పాలిష్ రుద్దితే గరుకు కాగితం పెట్టి తోమినట్టే. పైతోలూ అడుగూ కలిసే సందులో పాత టూత్‌బ్రష్ తిప్పండి. పాలిష్ వారం పదిరోజులకోసారి చాలు. ఒక్కో బూటుకు క్రీమ్ అయితే శనగగింజంత, డబ్బీది కందిగింజంత. పూసి పది నిమిషాలు వదిలి బ్రష్ కొట్టాలి. ఎక్కువ పూస్తే ఆరక జిగటగా ఉండి, ఊళ్లో దుమ్మంతా దాని మీదే చేరుతుంది.

ప్ర: మా తాత కిర్రు చెప్పులకు ఆముదం రాసేవాడు. ఏండ్లకేండ్లు ఆగేటివి. నేనూ నా బ్రౌన్ బూట్లకు రాసిన. రంగు నల్లబడ్డది, దుమ్ము అంటుకుంటోంది, పాలిష్ పెడితే మెరుస్తలేదు. ఎందుకిట్ల?
– ఒక యువకుడు, దేవరకొండ

జ: తాత చేసింది తప్పేం కాదు, ఆ తోలు వేరు. అది తంగేడు చెక్క, తుమ్మ చెక్క నానబెట్టిన నీళ్లలో ఊరి తయారైన తోలు. బతుకమ్మలో పేర్చే ఆ తంగేడు బెరడులోని టానిన్లే పచ్చితోలును కుళ్లనీయకుండా చేస్తాయి. పైన ఏ పూతా లేని మందపాటి తోలు కాబట్టి నూనెను తాగేస్తుంది. ఆముదం తాగిన చెప్పు పొలం తడికి అంత తొందరగా నానదు, ఎండకు బిర్రబిగుసుకోదు. పైగా ఆముదం మన చెల్కల్లో పండే పంట, ఇంట్లోనే ఉండేది.

ఇప్పటి ఆఫీసు బూట్ల తోలును ఎక్కువగా క్రోమియం లవణాలతో పదును చేస్తారు. ఆపైన రంగు, దాని మీద లక్కలాంటి పూత. రాసిన నూనె కుట్ల రంధ్రాల్లోంచి, మడతల్లోంచి మాత్రం దిగి అక్కడక్కడా నల్లమచ్చలవుతుంది. మిగిలింది పైనే ఉంటుంది. ఆముదానికి ఇంకో గుణం, అది ఎండిపోయే నూనె కాదు. అవిసె నూనె గాలికి పొరకడుతుంది, ఆముదం తడిగానే ఉండిపోతుంది. ఆ తడి మీద మైనం పట్టదు. కొబ్బరినూనెతో కూడా ఇదే గోల.

పొడిగుడ్డతో గట్టిగా తుడిచి, ముఖానికి రాసే పౌడర్ దట్టంగా చల్లి రాత్రంతా ఉంచండి. పొద్దున బ్రష్‌తో దులపండి, పౌడర్ ముద్దముద్దగా రాలుతుంటే రెండో రాత్రీ చల్లండి. తర్వాత సబ్బునీటిలో ముంచి బాగా పిండిన గుడ్డతో ఒకసారి తుడిచి, నీడన ఒకరోజు ఆరబెట్టాలి. పాత రంగు పూర్తిగా రాకపోవచ్చు. ముదురు బ్రౌన్ క్రీమ్ పట్టిస్తే మచ్చలు అందులో కలిసిపోతాయి.

ఏ తోలు నూనె తాగుతుందో తెలియాలంటే మడమ దగ్గర ఒక్క నీటిచుక్క వేసి చూడండి. నిమిషంలో ఇంకి నల్లబడితే పూతలేని తోలు. ముత్యంలా నిలబడితే పూత ఉన్నట్టు, దానికి ఆముదం వద్దు.

ప్ర: మా బాబు బడి బూట్లకు ఎంత పాలిష్ పెట్టినా సాయంత్రానికి మసకే. సాక్సులు కూడా నల్లగవుతున్నాయి.
– ఒక గృహిణి, వనపర్తి

జ: తక్కువ ధర బడి బూట్లు చాలావరకు తోలువి కావమ్మా. నాలుక అంచు చూడండి, లోపల నేసిన గుడ్డ కనిపిస్తే రెగ్జిన్. మైనం దానిలోకి ఇంకదు, పైనే ఉండి సాక్సులకు అంటుకుంటుంది. తడిగుడ్డ, ఒక చుక్క సబ్బు చాలు. గీసుకుపోయిన చోట సీసా పాలిష్ వేయండి, అది పనికొచ్చేది ఇక్కడే. టర్పెంటైన్ మాత్రం దగ్గరికి రానీయకండి, పైపొర కరిగి జిగురవుతుంది.

ప్ర: పోలీసు ట్రైనింగ్‌కు పోతున్న. పరేడ్ బూట్ల ముందుభాగం అద్దంలా రావాలె. నాకు మబ్బు పట్టినట్టే వస్తోంది.
– ఒక అభ్యర్థి, నాగర్‌కర్నూల్

జ: మబ్బు పట్టిందంటే పాలిషో నీళ్లో ఎక్కువైనట్టు. ముందు డబ్బీ పాలిష్ పలుచగా రెండు పూతలు వేసి, ఒక్కోటి పావుగంట ఆరనివ్వు. మెత్తటి నూలుగుడ్డను రెండువేళ్లకు ముడతల్లేకుండా బిగించి చుట్టు. డబ్బీ మూతలో చల్లటి నీళ్లు పోసుకో. గుడ్డకు ఆవగింజంత పాలిష్, బూటు మీద ఒక్క నీటిచుక్క. బలం పెట్టకుండా రూపాయి బిళ్లంత సున్నాలు చుడుతూ పో. ముందు మసకేస్తుంది, చుడుతుంటే విడిపోయి కిందనుంచి మెరుపు తేలుతుంది. అప్పుడు మళ్లీ ఆవగింజంత. ఇట్లా ఎనిమిది, పది పలుచని పొరలు పడాలి. మబ్బు వదలకపోతే పాలిష్ లేకుండా ఉత్త తడిగుడ్డతో చుట్టు.

ఇదంతా ముందు మొన, మడమ దగ్గరే. అక్కడ లోపల గట్టి అట్ట ఉంటుంది, వంగదు. మడతల మీద చేస్తే మొదటి కవాతుకే పగిలి రాలుతుంది. ఎండకాలం మధ్యాహ్నం కూర్చోకు, వేడికి మైనం మెత్తబడి పొర నిలవదు. తెల్లవారుజామున చేసుకో. బూట్లు బ్రౌన్‌వైతే తోలు కంటే ఒక ఛాయ తేలిక రంగు కొనాలి, ఒకసారి ముదిరిన రంగు వెనక్కి రాదు. నల్లపాలిష్ కొట్టిన బ్రష్ వీటిని తాకొద్దు.

ప్ర: డబ్బీలో పాలిష్ ఎండి నెర్రెలిచ్చింది. పారేయాలా?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జ: వద్దు. ద్రావకం ఎగిరిపోయిందంతే. సగమున్న 40 గ్రాముల డబ్బీలో అర టీస్పూన్ టర్పెంటైన్ నెర్రెల్లోకి దిగేలా పోసి, మూత బిగించి రాత్రంతా ఉంచండి. ఎట్టి పరిస్థితుల్లోనూ పొయ్యి మీద పెట్టొద్దు, ఆ ఆవిరి భగ్గుమంటుంది. మరుసటిరోజు గుడ్డతో అద్ది చూస్తే వెన్నలా రావాలి. పిండిలా రాలుతుంటే ఇంకో పావు టీస్పూన్ పోయండి.