వేలిముద్రలు చూసి చదువు తేల్చొద్దు

ప్రశ్న: మాది నరసన్నపేట. అమ్మాయి సీఈసీ సెకండియర్. సైకాలజీ చదివి కెరీర్ కౌన్సిలర్ అవుతానంటోంది. వేలిముద్రల పరీక్ష చేయిస్తే ఆ లైన్ వద్దని రిపోర్టు వచ్చింది. మూడు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో సరిపెట్టాలా, పీజీ దాకా చదివించాలా?

అయ్యా, ఇలాంటి రిపోర్టు పట్టుకొచ్చే తల్లిదండ్రులను తరచూ చూస్తుంటాను. పైకి అడిగేది కోర్సు గురించి. లోపల ఉన్నది 'ఇంత ఖర్చుపెట్టి చదివిస్తే పిల్ల నిలదొక్కుకుంటుందా' అన్న బెంగ. ఆ బెంగ న్యాయమైనదే. దానికి జవాబు వేళ్లలో దొరకదు.

వేలి గీతలు బిడ్డ కడుపులో ఉండగానే ఏర్పడతాయి. పదిహేడేళ్లుగా మీ అమ్మాయి చదివినవీ ఇష్టపడినవీ వాటిలోకి ఎలా వస్తాయి? ఆ రిపోర్టులు చెప్పే బహుళ ప్రజ్ఞల సిద్ధాంతం, అంటే తెలివి ఒకటే కాదు, చాలా రకాలుగా ఉంటుందన్న మాట, అమెరికా మనస్తత్వవేత్త హోవార్డ్ గార్డ్‌నర్ 1983లో చెప్పింది. అందులో వేలిముద్రల ప్రసక్తే లేదు.

మనుషుల ఆసక్తులను, ఉద్యోగాలను ఆరు వర్గాలుగా విడదీసిన మనస్తత్వవేత్త జాన్ హాలండ్ పద్ధతి మీద తయారైన ఆసక్తి పరీక్షలు వేరు. అవి పిల్లల చేత జవాబులు రాయిస్తాయి. వాటినీ నేను గుడ్డిగా నమ్మను. భావనపాడు వైపు కుర్రాడొకడికి మెకానికల్‌లో స్కోరు బాగా తక్కువ వచ్చింది. ప్రశ్నలు ఇంగ్లీషులో ఉన్నాయి. పడవ ఇంజను వాడే విప్పి బిగిస్తాడని కూర్చోబెట్టి మాట్లాడాకే తెలిసింది. ఆ పరీక్షను ఏ ప్రాంతం పిల్లల మీద పెట్టి సగటులు కట్టారు, నెల తర్వాత మళ్లీ రాయిస్తే అదే ఫలితం వస్తుందా అని చూడటం రావాలి. కౌన్సిలర్ చదువంటే అదీ. మూడు నెలల్లో రిపోర్టు ప్రింటు తీయడం వస్తుంది, ఇది రాదు.

అందుకని బీఏ సైకాలజీ, ఆపైన పీజీ. పీజీ విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలోనే ఉంది. తర్వాత కావాలంటే ఎన్‌సీఈఆర్‌టీ వారి ఏడాది కౌన్సిలింగ్ డిప్లొమా ఉంది, అందులో ఇంటర్న్‌షిప్ కూడా చేయిస్తారు. సీఈసీ చదివినందుకు దిగులొద్దు, బీఏకి అది అడ్డు కాదు. రేపు మనసు మారినా సోషల్ వర్క్, హెచ్‌ఆర్ ఉన్నాయి. గ్రూప్స్‌కి ఏ డిగ్రీ అయినా చాలు. పిల్ల ఎక్కడికీ పోలేదు, ఏదీ చేజారలేదు.

ఒక్క మాట కటువుగానే అంటాను. ఇంత రాశారు, అమ్మాయికి ఈ పని ఎందుకు ఇష్టమో ఒక్క ముక్క రాయలేదు. వేలిముద్రలు ఇప్పించారు గానీ, ఆమెను అడిగారా? ఈ ఆదివారం అడగండి. మధ్యలో అడ్డురాకుండా వినండి. తర్వాత ఇద్దరూ కలిసి రండి, కాలేజీల సంగతి అప్పుడు చూద్దాం.