వాగులో పచ్చగా మెరిసిన తూనీగ ఫోటోలో నల్లగా ఎందుకొస్తోంది?

బెంగళూరు మారతహళ్లి నుంచి వీకెండ్‌కి పశ్చిమ కనుమల్లోని సకలేశపుర వెళ్తే హోమ్‌స్టే వెనక వాగులో పచ్చగా ధగధగలాడే తూనీగ కనిపించిందనీ, ఫోటోల్లో మాత్రం నల్లగా వచ్చిందనీ అడిగారు. మీ కెమెరా బాగానే ఉంది. మీరు చెప్పిన గుర్తులను బట్టి అది స్ట్రీమ్ గ్లోరీ మగది, శాస్త్రీయ నామం న్యూరోబేసిస్ చైనెన్సిస్. పేరులో చైనా ఉన్నా పశ్చిమ కనుమల వాగులు దాని సొంత ఊళ్లే.

దాని ముందు రెక్కలు గాజులా ఉంటాయి. పచ్చదనమంతా వెనక రెక్కల పైవైపే, కిందివైపు ముదురు గోధుమ రంగు. వాలగానే రెక్కలు వీపు మీద నిలువుగా మూసేస్తుంది కాబట్టి పక్కనుంచి తీస్తే మీకు దొరికేది ఆ కిందివైపే. పైగా ఆ పచ్చ రంగుపదార్థం వల్ల వచ్చింది కాదు. రెక్కలోని అతి పల్చని పొరల మధ్య వెలుతురు ప్రతిఫలించడం వల్ల పుడుతుంది. అందుకే నెమలికంఠం పట్టుచీర తిప్పినట్టు, కోణం మారితే నీలానికి జరుగుతుంది.

కాబట్టి వెంటపడకండి. మగది తన జాగా వదలదు, లేచిపోయినా చాలాసార్లు అదే రాయి మీదికో వేరు మీదికో తిరిగొస్తుంది. ఎండ మీ వీపు వైపు ఉండేలా, మీ నీడ దాని మీద పడకుండా, రెండు మీటర్ల దూరంలో కాస్త ఎత్తున కూర్చోండి. వాలాక మధ్యమధ్యలో రెక్కలు ఒక్కసారి విప్పి మూస్తుంది. అది చూసి బటన్ నొక్కితే ఆలస్యమే. ముందే బర్స్ట్ మోడ్ (వరుసగా ఫోటోలు తీసేది) పెట్టి, షట్టర్ 1/1000, ఎఫ్ 5.6, ఐఎస్‌ఓ ఆటోలో ఉంచండి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (వెలుతురు సవరణ) మైనస్ 0.7 మరవకండి. చుట్టూ చెట్ల నీడ ఉండటంతో కెమెరా వెలుతురు పెంచేస్తుంది, మెరిసే భాగం తెల్లగా పోతుంది. ఫ్లాష్ దండగ.

తేనె రంగు రెక్కలు, వెనక రెక్క మధ్యలో తెల్ల చుక్క ఉన్నది కనిపిస్తే అది ఆడది. ఒళ్లు పచ్చగా మెరుస్తూ నాలుగు రెక్కలూ తేటగా ఉండి, నీటికి కాస్త దూరంగా పొదల్లో వాలితే అది ఫారెస్ట్ గ్లోరీ అనే వేరే తూనీగ. ఈ రెండింటినీ కలిపేయడం మామూలే.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాగులు పొంగి, జలగలు పట్టి, పని సాగదు. అక్టోబరు తర్వాత నీళ్లు తేటపడతాయి. ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 దాకా, చెట్ల సందుల్లోంచి రాళ్ల మీద ఎండ పడేచోట చూడండి. ఆగుంబే వైపు కూడా దొరుకుతుంది గానీ అభయారణ్యం లోపలికి అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లొద్దు. బెంగళూరు లాల్‌బాగ్ చెరువు దగ్గర వెతికి లాభం లేదు, దీనికి పారే నీళ్లు కావాలి. ఇలాంటి సన్న తూనీగలను తీయడం ప్రాక్టీసు చేయడానికైతే ఆ చెరువు గట్టే చాలు.

వాగులోకి దిగి రాళ్లు తిరగేయకండి. నీళ్లలో మునిగిన చెట్ల వేళ్లలో, మొక్కల కాడల్లో ఆడది గుడ్లు పెడుతుంది, పిల్లపురుగులు వాటినే పట్టుకుని పెరుగుతాయి. వాటికి ప్రాణవాయువు బాగా ఉన్న చల్లని నీళ్లు కావాలి. ఒడ్డున చెట్లు కొట్టేసినా, కాఫీ పండ్ల గుజ్జు కడిగిన నీళ్లు కలిసినా, స్విమ్మింగ్ కోసమని అడ్డుకట్ట వేసినా బతకవు. ఈసారి బుక్ చేసేముందు హోమ్‌స్టే వాళ్లను ఒక్క మాట అడగండి: వాగు అలాగే పారుతోందా, కట్టేసి పూల్ చేశారా?