‘రన్’ కనబడ్డ చోటల్లా ‘నడుచు’ వేయకు

తమ్ముడూ,

నీ అనువాదం చదివాను. మంచి కథ ఎంచుకున్నావు, సంభాషణలు చదువుతుంటే మనుషులు పక్కనే మాట్లాడుతున్నట్టు ఉన్నాయి, అంతవరకూ నాకే పేచీ లేదు. పేచీ అంతా ఒక్క మాట దగ్గర వచ్చింది. ఇంగ్లీషులో ‘రన్’ అని కనబడగానే ‘పరిగెత్తు’ అని రాసేయకూడదని నీకెవరో చెప్పినట్టున్నారు, మంచిదే, కానీ దాని బదులు కథ పొడుగునా ‘నడుచు’ దింపేశావు. దుకాణం నడుస్తోంది, సరే. బస్సు నడుస్తోంది, అదీ సరే. గుండెజబ్బు వాళ్ళ కుటుంబంలో నడుస్తోంది, కొళాయి రాత్రంతా నడిచింది, ఒప్పందం ఇంకో ఐదేళ్ళు నడుస్తుంది అనేసరికి మాత్రం ఈ ఊళ్ళో అన్నిటికీ కాళ్ళున్నాయా ఏంటి అనిపించింది.

‘రన్’ అర్థాలన్నీ ఒక నోట్సులో రాసుకుని బట్టీ పడితే ఈ గొడవ తీరుతుందా అని అడిగావు. తీరదు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన పీటర్ గిల్లివర్ ఈ ఒక్క క్రియ మీదే నెలల తరబడి కూర్చుని 645 అర్థాలు తేల్చాడు, 2011లో ఆ లెక్క పత్రికల్లోకి ఎక్కింది. దానికి ముందు, 1989 నాటి రెండో ముద్రణలో, అన్నిటికన్నా పెద్ద మాట ‘సెట్’, దానికి 430 దాకా అర్థాలు. ఇవన్నీ బట్టీ పట్టే ఓపికే నీకుంటే ఆ ఓపికతో రెండు నవలలు అనువదించు, నాకు చెప్పకపోయినా పర్లేదు.

ఇన్ని అర్థాలు ఎలా పుట్టాయో మాత్రం కాస్త తెలుసుకోవడం మంచిది. నీళ్ళు పారడం, కారడం అనే అర్థం ఈ మాటకి పాత ఇంగ్లీషు నాటినుంచీ ఉంది. జర్మన్‌లో దీని చుట్టం ‘రిన్నెన్’ ఇప్పటికీ కారడమే. అందుకని ఇంగ్లీషువాడు తన ముక్కు ‘రన్’ అవుతోందంటే అందులో అలంకారం వెతక్కు, పాపం వాడికి జలుబు చేసింది, అంతే. ఆ తర్వాత ఆవిరి యంత్రాలు, రైళ్ళు, ఫ్యాక్టరీలు, చివరికి కంప్యూటర్లు వరసగా వచ్చాయి, వచ్చిన ప్రతిదాని పనికీ ఇదే మాట వాడేశారు, అర్థాలు అలా పెరుగుతూ పోయాయి.

మన దగ్గర ఇంచుమించు ఇదే పని చేసే మాట ‘ఆడు’. పిల్లలు ఆడతారు, సినిమా వంద రోజులు ఆడుతుంది, మిల్లు ఆడుతుంది, పిండి ఆడించుకొస్తాం, ఊపిరి ఆడదు, భయపడితే కాళ్ళూ చేతులూ ఆడవు, నెలాఖరుకి చేతిలో డబ్బులు ఆడవు. ఎవరైనా తెల్లవాడు తెలుగు నేర్చుకుని వీటన్నిటికీ ‘ప్లే’ అని రాస్తే మనం ఎంత నవ్వుతామో ఊహించుకో. నీ కథలో నాటకం ఆరు వారాలు ‘నడిచింది’ అన్నావు కదా, తప్పని అనను, కానీ ‘ఆడింది’ అన్న మాట చేతిలో ఉండగా దాన్నెందుకు వదులుకోవాలి?

నేను చేసేది ఒకటే. వాక్యంలో ఆ క్రియను కాసేపు పక్కన పెట్టి, ఏది ‘రన్’ అవుతోందో దాన్ని చూస్తాను. తెలుగులో ఏ వస్తువుకి తగ్గ క్రియ దానికి ఉంటుంది. ముక్కు కారుతుంది, కాలవ పారుతుంది, ఫ్యాను తిరుగుతుంది, జ్వరం కాస్తుంది, ఉతికితే బట్ట రంగు దిగుతుంది, పేపర్లో వార్త పడుతుంది. వస్తువు పేరు నోట్లోకి వస్తే క్రియ దాని వెనకే వచ్చేస్తుంది, నువ్వు ఆలోచించక్కర్లేదు. గుండెజబ్బు వాక్యాన్నే తీసుకో. ఇంగ్లీషు పేజీ మూసేసి, ఈ సంగతి మీ పిన్నికి ఫోన్లో ఎలా చెబుతావో అనుకో. “వాళ్ళ వంశంలోనే ఉందట పిన్నీ గుండెజబ్బు” అంటావు. అందులో పరుగూ లేదు, నడకా లేదు, ఉత్త ‘ఉంది’. అదే మాటను ఆ కథలో డాక్టరు అడిగితే “మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?” అంటాడు, కొడుకు కాదనాలంటే “మా ఇంటా వంటా లేదు” అంటాడు. ‘ఇంటా వంటా’ ఎప్పుడూ ‘లేదు’తోనే కుదురుతుంది, “మా ఇంటా వంటా ఉంది” అని ఎవరూ అనరు, కాబట్టి తొందరపడి దాన్ని అన్ని చోట్లా అతికించకు.

తర్వాత చూడాల్సింది ఆ మాటకున్న తోక. ‘రన్ ఇంటూ’ అంటే పాత స్నేహితుడైతే ఎదురుపడ్డాడు, చెట్టైతే కారు వెళ్ళి గుద్దుకుంది, అప్పులైతే కూరుకుపోయాడు, ఖర్చైతే లక్షల్లో ఉంటుంది. ‘రన్ డౌన్’ అంటే బ్యాటరీ దిగిపోయిందనీ కావచ్చు, అత్తగారు కోడల్ని పదిమందిలో తీసిపారేసిందనీ కావచ్చు. ‘రన్ ఔట్’ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. నీ కథలో ముసలావిడ ఫ్రిజ్ తెరిచి పాలు ‘నిండుకున్నాయి’ అంది. చక్కటి మాట, నీకు ఆ మాట తెలిసినందుకు నాకు సంతోషం వేసింది, బియ్యమో పసుపో అయిపోతే ‘అయిపోయాయి’ అనడం అశుభమని మన ఇళ్ళలో అలా అంటారు. అందుకే అది అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఆవిడ నోట్లో ఇమడదు, అమాంతం ఆవిడకి కుంకుమబొట్టు పెట్టినట్టయింది. ‘పాలు అయిపోయాయి’ చాలు.

ఎన్నికల సంగతి తమాషాగా ఉంటుంది. అమెరికాలో అభ్యర్థి ‘రన్’ అవుతాడు, బ్రిటన్‌లో ‘స్టాండ్’ అవుతాడు, మన ఊళ్ళో సర్పంచికి ‘నిలబడతాడు’. కాబట్టి నీ కథలో మేయరు పదవికి ఆయన్ని హాయిగా నిలబెట్టు, లేదా పోటీ చేయించు. ఈ సందర్భంలో నాకు కూలిడ్జ్ గుర్తొస్తాడు. 1927 ఆగస్టులో సౌత్ డకోటాలోని ర్యాపిడ్ సిటీలో అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ విలేకరులను పిలిచి తలా ఒక చీటీ ఇచ్చాడు, 1928లో అధ్యక్ష పదవికి ‘రన్’ చేయడాన్ని తాను ఎంచుకోవడం లేదని అందులో ఒక్క వాక్యం. ‘పోటీ చేయను’ అని తేల్చేస్తే పోయేదానికి ఆయన ‘చూజ్’ అన్న మాట వాడాడు, నిజంగానే తప్పుకున్నాడా, బతిమాలితే వస్తాడా అని జనం బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. అక్కడ ‘రన్’ని ‘పోటీ’ చేయడం క్షణం పని. కష్టమంతా ఆ నసుగుడు పోకుండా చూడటంలో ఉంది. నేనైతే “పోటీ చేయదలచుకోలేదు” అంటాను. నీకింకా మెత్తటి మాట దొరికితే చెప్పు.

బ్యాంకు మీద ‘రన్’ అని ఆరో పేజీలో వస్తుంది, అంటే బ్యాంకు మునుగుతుందన్న భయంతో అందరూ ఒకేసారి తమ డబ్బు వెనక్కి తీసుకోవడం. నీ కథ 1930ల నాటిది కాబట్టి ‘జనం బ్యాంకు మీదికి ఎగబడ్డారు’ అని నువ్వు రాసింది బాగుంది, తలుపుల ముందు గుంపు కళ్ళకు కడుతోంది. కానీ ఇదే మాట కొత్త వార్తలో వస్తే అలవాటుగా అదే వేసేయకు. 2023 మార్చిలో అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు కూలినప్పుడు ఖాతాదారులు ఒక్కరోజులో 4,200 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకోబోయారు, అందులో చాలామంది కూర్చున్న చోటునుంచి కదల్లేదు, ఫోన్లలో, కంప్యూటర్లలో నొక్కేశారు. అక్కడ ‘ఎగబడ్డారు’ అంటే లేని క్యూలు కనబడతాయి, ‘డిపాజిట్లు ఒక్కసారిగా లాగేసుకున్నారు’ అంటే సరిపోతుంది.

‘ఇన్ ది లాంగ్ రన్’ని నువ్వు ఎక్కడ పడితే అక్కడ ‘దీర్ఘకాలంలో’ చేశావు. వంటింట్లో కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు దీర్ఘకాలం గురించి మాట్లాడుకోరు, ‘పోను పోను అదే సర్దుకుంటుంది’ అనుకుంటారు. అయితే 1923లో ఆర్థికవేత్త కీన్స్ అన్న మాట ఒకటుంది, లాంగ్ రన్‌లో మనమందరం చచ్చిపోయి ఉంటామని. దాన్ని ‘పోను పోను అందరం పోయేవాళ్ళమే’ అని తెలుగు చేయాలని నాకు భలే సరదా, చెవికి ఎంత బాగుందో చూడు. కానీ చేయకూడదు. లాంగ్ రన్‌లో అన్నీ వాటంతటవే సర్దుకుంటాయనే ఆర్థికవేత్తల మీద ఆయన విసురు అది, వాళ్ళ పారిభాషిక పదాన్నే పట్టుకుని వాళ్ళని కొట్టాడు, నేను ‘పోను పోను’ అంటే ఆ దెబ్బ పోయి వేదాంతం మిగులుతుంది. అక్కడ ‘దీర్ఘకాలం’ ఉండాల్సిందే.

కొన్నిటిని ముట్టుకోకు. ట్రయల్ రన్, రన్ రేట్, రనౌట్, సినిమావాళ్ళ ఫుల్ రన్, ‘రన్నింగ్ బస్సు దిగకు’ అనే కండక్టరు కేక, ఇవన్నీ తెలుగైపోయాయి, వీటికి కొత్త మాటలు పుట్టించి పుణ్యం కట్టుకోవద్దు. క్రికెట్‌లో మాత్రం మన పేపర్లు ఎప్పటినుంచో ‘పరుగులు’ అంటున్నాయి, బంతి బౌండరీ దాటి ఎవరూ ఒక్క అడుగు వేయకపోయినా నాలుగు పరుగులే. ఎవరికీ అభ్యంతరం లేదు. అన్నట్టు, పదకొండో పేజీలో ఆ పిల్లాడు కుక్కకి భయపడి నిజంగానే పరిగెత్తాడు, నువ్వేమో ‘వడివడిగా సాగిపోయాడు’ అన్నావు. వాణ్ణి పరిగెత్తనీ.

ఇక ఆ తాతగారి జోకు. ముక్కు ‘రన్’ అయి పాదాలు ‘స్మెల్’ అయితే నిన్ను తలకిందులుగా తయారుచేశారన్నమాట అని మనవణ్ణి ఏడిపిస్తాడు. ఇంగ్లీషు పిల్లలందరికీ తెలిసిన పాత జోకు, ఆ రెండు మాటలకీ చెరో రెండు అర్థాలు (కారడం, పరిగెత్తడం; కంపు కొట్టడం, వాసన చూడటం) ఉంటేనే పేలుతుంది, మన దగ్గర ముక్కు కారుతుంది, కాళ్ళు కంపు కొడతాయి, జోకు చచ్చిపోతుంది. నువ్వు కింద ఫుట్‌నోట్ పెట్టి వివరించావు, దాన్ని తీసెయ్, వివరించిన జోకుకి ఎవరూ నవ్వరు. ఆ చోట తాతగారికి కావాల్సింది మనవడితో ఒక చిలిపి మాట, అంతే కదా. మన ‘ఆడు’ని పనిలోకి దింపి చూడు, “చేతిలో పైసా ఆడదు గానీ, నోట్లో నాలుక మాత్రం తెగ ఆడుతుందిరా నీకు” లాంటిదేదైనా. మనవడు అప్పుడే చాక్లెట్‌కి డబ్బులడిగాడు కాబట్టి అతికే అవకాశం ఉంది. అతక్కపోతే ఆ రెండు లైన్లూ వదిలెయ్, కథకేం నష్టం లేదు. ఏదైనా ముందు మూలరచయిత అనుమతి పత్రంలో మార్పుల గురించి ఏం రాశారో ఒకసారి చూసుకుని, ఆరో పేజీ నుంచి మళ్ళీ రాసి పంపు.

మీ అన్నయ్య