కౌంట్ అంటే ఏమిటో టైపు చెప్పదు

దర్గామిట్ట,
నెల్లూరు.

అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నీ మెయిల్ నిన్న రాత్రి చదివాను. ఉద్యోగంలో చేరిన మూడో వారంలోనే మీ టీమ్ లీడ్ ఒక లింకు పంపి, "ఏపీఐ డాక్యుమెంటేషన్ అంతా కోడ్‌లోని టైపుల నుంచి ఆటోమేటిగ్గా వచ్చేస్తోంది, నువ్వు స్పెల్లింగులు చూస్తే చాలు" అన్నారని రాశావు. ఏపీఐ అంటే ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రాముతో డేటా ఇచ్చిపుచ్చుకునే దారి, ఆ డేటాలో ఒక్కో అంశం ఒక ఫీల్డు, అది అంకెనా అక్షరాలా అని కోడ్‌లో రాసుకునేది టైపు. తెరిచి చూస్తే ప్రతి ఫీల్డూ పద్ధతిగా వరసలో ఉందట. "ఇక నేను రాసేదేముంది మామయ్యా?" అని అడిగావు. కావలిలో ఇంట్లో కూర్చుని పనిచేస్తూ పక్కన అడిగే మనిషి లేకపోతే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ముందు ఆ యంత్రం పక్షాన మాట్లాడతాను. అది చేసే పని మనం చేతితో చేస్తే అంత బాగా రాదు. నేను కొత్తలో ఒక కంపెనీకి ఏపీఐ డాక్యుమెంటు వర్డ్ ఫైల్లో రాసేవాణ్ని. డెబ్భై పేజీలు, ప్రతి ఫీల్డూ టేబుల్లో చేత్తో ఎక్కించినవే. ఒక శుక్రవారం సాయంత్రం డెవలపర్ ఒకాయన 'మొబైల్' అనే ఫీల్డు పేరును 'ఫోన్' అని మార్చి ఇంటికి వెళ్లిపోయాడు. నా ఫైల్లో 'మొబైల్' అనే ఉంది. క్లయింటు వాళ్లు నా పేజీని నమ్మి రెండు రోజులు తిప్పలు పడ్డారు. సోమవారం కాల్‌లో అవతలి కుర్రాడు కోప్పడలేదు, "సార్, మేం మీ డాక్యుమెంట్ చూసే చేశాం" అన్నాడు అంతే. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఒకే సంగతిని రెండు చోట్ల రాసి పెట్టుకుంటే ఎప్పుడో ఒకరోజు రెండూ వేరైపోతాయి. టైపుల నుంచి డాక్యుమెంటు పుట్టించడం ఆ జబ్బుకే మందు. ఫీల్డు పేరు, రకం, తప్పనిసరా కాదా అన్న మూడూ ఇక నువ్వు చేత్తో రాయొద్దు. ఎవరైనా రాయమన్నా రాయొద్దు.

మీది పైథాన్ భాష, అందులో ఏపీఐలు కట్టే ఫాస్ట్ఏపీఐ అన్నావు కాబట్టి లోపల జరిగేది చెబుతాను, తెలియకుండా ఆ పేజీని సరిచేయలేవు. 2015లో వచ్చిన పైథాన్ 3.5 నుంచి ఫంక్షన్ పక్కన టైపులు రాసుకునే ప్రామాణిక పద్ధతి ఉంది. పైథాన్ మటుకు వాటిని పట్టించుకోదు, రాసింది ఇంటిజర్ (పూర్ణాంకం) అయినా స్ట్రింగ్ (అక్షరాల వరస) పంపితే ఊరుకుంటుంది. 2018లో వచ్చిన ఫాస్ట్ఏపీఐ, పైడాంటిక్ అనే డేటా సరిచూసే లైబ్రరీ సాయంతో ఆ టైపులను చదివి రెండు పనులు చేస్తుంది. వచ్చిన డేటాను సరిచూస్తుంది, అవే టైపుల నుంచి ఒక జేసన్ (డేటా రాసే ఒక పద్ధతి) ఫైలు తయారుచేస్తుంది. ఆ ఫైలు ఓపెన్ఏపీఐ అనే, ఏపీఐలను వర్ణించే ప్రామాణిక పద్ధతిలో ఉంటుంది. నువ్వు చూసిన అందమైన పేజీ దాన్ని చదివి చూపించేది మాత్రమే, దాని పేరు స్వాగర్ యూఐ. ఓపెన్ఏపీఐకి మొదట స్వాగర్ అనే పేరు, 2016లో మారింది. అది పుట్టింది వర్డ్‌నిక్ అనే ఆన్‌లైన్ నిఘంటువు సంస్థలో. మాటలకు అర్థాలు చెప్పేవాళ్ల ఇంట్లో పుట్టిన పద్ధతి అని తలుచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

ఎందుకంటే మన పని కూడా అదే, అర్థం చెప్పడం. టైపుకి ఆకారం తెలుసు, అర్థం తెలియదు.

కొన్నేళ్ల కిందట రొయ్యల కొనుగోలు లెక్కల యాప్ ఒకదానికి డాక్యుమెంటేషన్ చూశాను. అందులో ఒక ఫీల్డు 'కౌంట్'. పుట్టించిన పేజీలో దాని పక్కన "ఇంటిజర్, తప్పనిసరి" అని ఉంది. అక్షరం తప్పు లేదు. బెంగళూరులో ఆ ఏపీఐ వాడుకుంటున్న కుర్రాడు కౌంట్ అంటే రొయ్యల సంఖ్య అనుకున్నాడు. అనుకోడా మరి, ఇంగ్లీషులో దాని అర్థం అదే కదా. చెరువులవారీగా కౌంట్లన్నీ కూడి "మొత్తం సరుకు" అని చూపించాడు. పైగా కౌంట్ ఎక్కువున్న లాట్‌ను మంచి లాట్‌గా పైన పెట్టాడు. రైతులు ఫోన్లు చేశాక గానీ ఎవరికీ తెలియలేదు.

ఆ వారమే ఇటు పనిమీద వచ్చిన మా డెవలపర్‌ను విడవలూరు దగ్గర ఒక చెరువు గట్టుకు తీసుకెళ్లాను. పొద్దున్నే విసురు వల వేశారు. పడిన వెనామీ రొయ్యలను బుట్టలో నీళ్లు కారిపోనిచ్చి, కాటా మీద సరిగ్గా కిలో తూచి, ఒక్కొక్కటీ పక్కకు వేస్తూ లెక్కపెట్టారు. నలభై రెండు. "42 కౌంట్" అన్నాడు కొనేవాళ్ల మనిషి, అక్కడే ధర మాట మొదలైంది. కిలోకు ఎన్ని తూగితే అంత కౌంట్. అంకె తక్కువైతే రొయ్య పెద్దది, ధర ఎక్కువ. 100 కౌంట్ అంటే చిన్న రొయ్య. మా డెవలపర్ ఆ గట్టు మీదే ల్యాప్‌టాప్ తెరిచాడు. కౌంట్ ఫీల్డు దగ్గర వివరణలో ఇలా రాశాం: "కిలోకు తూగే రొయ్యల సంఖ్య. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది. కూడకూడదు. ఉదాహరణ: 42." చిన్న చిన్న వాక్యాలు నాలుగు. ఆ పేజీ మొత్తంలో అవి లేకపోతే మిగతాదంతా ఉన్నా దండగే.

ఆ వివరణను ఎక్కడ రాశామో గమనించావా? వేరే ఫైల్లో కాదు, టైపు పక్కనే, కోడ్‌లోనే. నువ్వు అన్నిటికంటే ముందు పట్టుకోవాల్సింది ఇదే. ఫీల్డు దగ్గర వివరణకూ ఉదాహరణలకూ చోటు ఉంటుంది. ఫంక్షన్ కింద డాక్‌స్ట్రింగ్‌లో, అంటే కోట్ల మధ్య రాసే వివరణలో, రాసింది పేజీలో వివరణగా వస్తుంది. ఫంక్షన్ పేరే శీర్షికగా మారుతుంది, వేరే శీర్షిక ఇవ్వకపోతే. కాబట్టి కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ నేర్చుకో. డెవలపర్ల కోడ్‌లోకి నీ వాక్యాలతో పుల్ రిక్వెస్ట్ పంపు, అంటే నీ మార్పును కలుపుకోమని అడుగు. మొదట్లో "డాక్స్ అమ్మాయి మన కోడ్‌లోకి ఎందుకు వస్తోంది" అని ముఖం చిట్లిస్తారు. రెండు మంచి వివరణలు రాసి చూపించు, వాళ్లే పిలుస్తారు.

ఒక్కోసారి వాక్యం కంటే టైపునే మార్చమని అడగడం మేలు. వడ్ల కొనుగోలు ఏపీఐ ఒకదానిలో 'యూనిట్' అనే ఫీల్డు ఉత్త స్ట్రింగ్‌గా ఉండేది. కేజీ అని ఒకరు, కిలో అని ఒకరు, పుట్టి అని ఇంకొకరు పంపేవాళ్లు. దానికి పేరాగ్రాఫు రాయబోయి ఆగి, ఈ మూడు విలువలే చెల్లేలా ఈనమ్ చేయమన్నాను: కేజీ, క్వింటాల్, పుట్టి. పేజీలో ఆ మూడూ వాటంతట అవే వచ్చాయి. నేను రాసింది ఒక్కటే, ఇక్కడ పుట్టి అంటే 850 కిలోలని. నెల్లూరులో పుట్టి పెరిగినవాళ్లకు అది చెప్పనక్కర్లేదు. ఏపీఐ చదివేది మనవాళ్లే కాదు గదా.

డబ్బు ఫీల్డు కనిపిస్తే ఆగు. 'అమౌంట్, ఇంటిజర్' అని ఉంటే రూపాయలా పైసలా? చెల్లింపుల ఏపీఐలు చాలావాటిలో పైసల్లో పంపాలి, 500 రూపాయలకు 50000 అని. చెప్పకపోతే నూరింతలు తేడా. సమయం కూడా అంతే, టైమ్‌జోన్ రాయకపోతే ఐదున్నర గంటలు అటూ ఇటూ అవుతుంది.

'ఆప్షనల్' అనే మాట చాలామందిని ముంచింది. పైథాన్‌లో ఆ టైపుకు అర్థం "విలువ నల్‌గా, అంటే ఖాళీగా, ఉండొచ్చు" అని మాత్రమే, "ఫీల్డును పంపకుండా వదిలేయొచ్చు" అని కాదు. పైడాంటిక్ రెండో వెర్షన్‌లో డిఫాల్ట్ (పంపకపోతే వాడుకునే విలువ) ఇవ్వకుండా ఆప్షనల్ అని రాస్తే ఆ ఫీల్డు తప్పనిసరే, కాకపోతే నల్ పంపొచ్చు. శుభలేఖ అసలు రాకపోవడం వేరు, ఖాళీ కవరు రావడం వేరు. మార్పులు పంపే కాల్స్‌లో ఈ తేడా బాగా కొడుతుంది. ఫీల్డు పంపకపోతే పాత విలువ ఉంటుందా, నల్ పంపితే చెరిగిపోతుందా? నువ్వే పంపి చూసి, జరిగింది రాయి.

ఇక ఎర్రర్లు. టైపు తప్పితే వచ్చే 422 అనే ఎర్రర్ కోడ్‌ను ఫాస్ట్ఏపీఐ తనే పేజీలో పెడుతుంది. ఫంక్షన్ లోపల డెవలపర్ చేత్తో విసిరే 404 (దొరకలేదు), 409 (ఉన్నదానితో పొసగలేదు) లాంటివి విడిగా ప్రకటించకపోతే పేజీలో కనిపించవు. వాడేవాళ్లు అర్ధరాత్రి చూసేది వాటినే. కోడ్ తెరిచి ఎక్సెప్షన్లు (అలా విసిరే ఎర్రర్లు) ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి, ఒక్కొక్కదానికీ "ఇది ఎప్పుడు వస్తుంది, వస్తే ఏం చేయాలి" అని డెవలపర్‌ను అడుగు. ఈ పని విసుగు పుట్టిస్తుంది. అయినా నన్ను అడిగితే మొత్తం డాక్యుమెంటేషన్‌లో జనానికి ఎక్కువ ఉపయోగపడేది ఇదే.

ఉదాహరణల్లో "స్ట్రింగ్", "0" అని వదిలేయకు. ఎవరూ ఇవ్వకపోతే స్వాగర్ యూఐ అవే చూపిస్తుంది. నిజమైన లాట్ ఎలా ఉంటుందో అలాంటి విలువలు పెట్టు. కానీ ఎవరి అసలు ఫోన్ నంబరూ, ఆధార్ నంబరూ పెట్టకు, టెస్ట్ డేటా అని వాళ్లు చెప్పినా సరే.

నీ స్నేహితురాలు టైప్‌స్క్రిప్ట్ ప్రాజెక్టులో ఉందన్నావు. అక్కడ సంగతి కొంచెం వేరని చెప్పు. కంపైల్ కాగానే, అంటే జావాస్క్రిప్ట్‌గా మారగానే, టైపులు చెరిగిపోతాయి, నడిచే కోడ్‌లో మిగలవు. అందుకే టీఎస్‌ఓఏ లాంటి పనిముట్లు అసలు సోర్సునే చదువుతాయి, లేదా ముందు జాడ్ అనే లైబ్రరీతో స్కీమా (డేటా ఆకారపు వర్ణన) రాసుకుని దాని నుంచి టైపు తీస్తారు. వివరణ రాసే చోటు మారుతుంది, మన ప్రశ్నలు మారవు.

ఇంకొకటి, పుట్టిన జేసన్ ఫైలును కూడా గిట్‌లో పెట్టమను. ప్రతి మార్పుకూ దాని డిఫ్, అంటే పాతదానికీ కొత్తదానికీ తేడా, నీకు కనిపించాలి. 'మొబైల్' ఎప్పుడు 'ఫోన్' అయిందో శుక్రవారం సాయంత్రమే నీకు తెలుస్తుంది.

ఆ పేజీలో 34 ఫీల్డులు ఉన్నాయన్నావు గదా. అన్నీ ఒకేసారి వద్దు. చదవగానే నీకే అనుమానం వచ్చిన ఐదింటిని తీసుకుని, ఒక్కోదాని మీద డెవలపర్‌ను అడగాల్సిన ప్రశ్న కాగితం మీద రాసుకో. ఆదివారం పొద్దున రైలుకు నెల్లూరు వచ్చెయ్, మీ అత్తయ్య నీకోసం చేపల పులుసు పెడతానంటోంది. ఆ కాగితం తెచ్చుకో. ఏపీఐ వాడుకునే కుర్రాడి స్థానంలో నేను కూర్చుంటాను, నువ్వు వివరణ చదువు. నాకు అర్థం కాని చోట ఆపుతాను.

మీ మామయ్య