క్యూబుతో ఒక పరీక్ష పెట్టండి

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం. సబ్‌డివిజన్ సర్ఫేస్‌లను స్ప్లైన్ ప్యాచ్‌లుగా మార్చడం మీద ప్రాజెక్టు చేస్తానంటోంది. ఇది యానిమేషన్ వాళ్ల పని కదండీ? ఉద్యోగం వస్తుందా?
– ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: ముఖాలను పదేపదే చిన్నవిగా విభజిస్తూ నునుపైన ఆకారం తెచ్చేదే సబ్‌డివిజన్. 1978లో క్యాట్మల్, క్లార్క్ చెప్పిన ఈ పద్ధతికి యానిమేషన్‌లోనే ఎక్కువ పేరొచ్చింది, నిజమే. మీ అమ్మాయి ఎంచుకున్నది మాత్రం తయారీ రంగం వైపు పని. కారు బాడీనో షాంపూ సీసానో డిజైనర్ మెష్‌తో, అంటే చిన్న ముఖాల వలతో మలుస్తాడు. అచ్చు చేయాలంటే క్యాడ్ (కంప్యూటర్ డిజైన్ సాఫ్ట్‌వేర్)లోకి అది సాధారణంగా నర్బ్స్ ప్యాచ్‌లుగా, అంటే గణిత సూత్రంతో చెప్పే వంపు ముక్కలుగా వెళ్లాలి. ఇవి స్ప్లైన్ ప్యాచ్‌లలో ఒక రకం. రైనో, ఫ్యూజన్ లాంటివాటిలో ఈ మార్పిడికి కమాండ్ ఉంది. దాని వెనకున్న కోడే అసలు చదువు.

ఈ మార్పిడిలో చిక్కెక్కడో క్యూబు మీదే చూడొచ్చు. దాని ఎనిమిది మూలల్లోనూ మూడేసి అంచులే కలుస్తాయి, స్ప్లైన్ లెక్క నేరుగా కుదరాలంటే నాలుగు కలవాలి. ఒకసారి విభజిస్తే 24 ముఖాలు. రెండోసారి 96, వాటిలో 72 అచ్చంగా బైక్యూబిక్ బి-స్ప్లైన్ (స్ప్లైన్‌లలో ఒక మామూలు రకం) ప్యాచ్‌లే, లెక్క తేలిక. మిగతా 24 ఆ మూలలను పట్టుకునే ఉంటాయి. ఎన్నిసార్లు విభజించినా చిన్నవవుతాయి తప్ప పోవు. అక్కడ ప్యాచ్‌ని ఉజ్జాయింపుగా కట్టాల్సిందే. 2008లో లూప్, షేఫర్ అనే పరిశోధకులు చూపిన ఉజ్జాయింపు గేముల్లాంటి రియల్‌టైమ్ గ్రాఫిక్స్ కోసం. కారు బానెట్‌కి అది సరిపోదు: ప్యాచ్‌లు సరిగా అతకని చోట ట్యూబులైటు ప్రతిబింబం విరిగినట్టు కనిపిస్తుంది.

ఉద్యోగాల సంగతి దాచను. క్యాడ్ సాఫ్ట్‌వేర్ కంపెనీల జామెట్రీ టీముల్లో ఉంటాయి, మన దేశంలో పుణె, బెంగళూరు వైపు చూడాలి. సంఖ్య తక్కువ. ఫ్రెషర్లను నేరుగా తీసుకోవడం ఇంకా తక్కువ. ఎంటెక్‌తోనో ఎంఎస్‌తోనో వెళ్తే దారి సులువు, కాబట్టి గేట్ ప్రిపరేషన్ ఆపనివ్వకండి. ప్రాజెక్టు కోసం నేర్చుకునే సీ++, లీనియర్ ఆల్జీబ్రా మాత్రం ఏ సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలోనైనా పనికొస్తాయి. మీ టెన్షన్ అక్కడ కొంత తగ్గించుకోవచ్చు.

ఇప్పుడే ఏ కోర్సుకీ ఫీజు కట్టకండి. ముందు ఆ క్యూబును తన సొంత కోడ్‌తో రెండుసార్లు విభజించి, 72 ప్యాచ్‌లకు బెజియర్ కంట్రోల్ పాయింట్లు (ప్యాచ్ ఆకారాన్ని నిర్ణయించే బిందువులు) తీయమనండి. యానిమేషన్ కంపెనీ పిక్సార్ ఓపెన్‌సోర్స్‌గా ఇచ్చిన ఓపెన్‌సబ్‌డివ్ అనే కోడ్ లైబ్రరీతో జవాబు సరిచూసుకోవచ్చు. నెలలో ఇది చేసి, మిగిలిన 24 గురించి తనే మీకు చెప్పడం మొదలుపెడితే ప్రాజెక్టుకి సరే అనండి. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో మోడల్స్ చేయడమే ఇష్టమని తేలితే ప్రొడక్ట్ డిజైన్ వైపు సీడ్ (CEED) అనే డిజైన్ పీజీ ప్రవేశ పరీక్ష ఉంది, అది వేరే దారి.