తోక మొదట్లో దురద: కాపలా కుక్కకు ఇంజెక్షన్ లేని వైద్యం ఉందా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. రొయ్యల చెరువు కాపలాకు నాలుగేళ్ల నాటుకుక్కను పెంచుతున్నాం. బరువు 18 కిలోలు ఉంటుంది. మూడు నెలలుగా నడుము మీద, తోక మొదట్లో ఒకటే కొరుక్కుంటోంది. వెంట్రుకలు ఊడి పుండ్లు పడ్డాయి. గజ్జి అనుకుని వేపనూనె రాశాం. స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయిస్తే పది రోజులు బాగుంటుంది, తర్వాత మళ్లీ మామూలే. ఇప్పటికి నాలుగు వేయించాం. కాలిన ఇంజన్ ఆయిల్ పూయమని కొందరు, హోమియో వాడమని కొందరు అంటున్నారు. ఇంజెక్షన్లు లేకుండా తగ్గే మార్గం చెప్పండి.
– ఒక రైతు

జవాబు: ముందుగా, ఇంజన్ ఆయిల్ పూయకండి. ఇప్పటికే పూసి ఉంటే గిన్నెలు తోమే లిక్విడ్‌తో, గోరువెచ్చని నీళ్లతో వెంటనే కడిగేయండి. కుక్క ఒళ్లు నాక్కుంటుంది, పూసిందంతా కడుపులోకి పోతుంది. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాయడం కూడా మన దగ్గర అలవాటు. కర్పూరం నాకితే కుక్కకు ఫిట్స్ రావచ్చు. పొలం పురుగుమందులు నీళ్లలో కలిపి పోయడం వల్ల ప్రాణాలే పోతాయి.

మీరు రాసిన లక్షణాలను బట్టి ఇది గజ్జి కాకపోవచ్చు. గజ్జి ఎక్కువగా చెవి అంచుల్లో, మోచేతుల దగ్గర మొదలవుతుంది, ఇంట్లో మనుషులకూ దురద రావచ్చు. నడుము వెనుక, తోక మొదట్లో, తొడల లోపల కొరుక్కుంటుంటే మొదట అనుమానించాల్సింది ఎగిరే పేలను. డాక్టర్లు వీటిని ఫ్లీలు అంటారు. వీటి లాలాజలం పడని కుక్కకు నాలుగైదు కాట్లు చాలు, రోజుల తరబడి దురద పెడుతుంది. ఒంటి మీద ఒక్క పేను కనిపించకపోయినా జబ్బు అదే కావచ్చు. ఇంట్లోనే పరీక్ష చేయవచ్చు. తోక దగ్గర సన్న పళ్ల దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి పొడిని తడి తెల్లగుడ్డ మీద వేయండి. చుట్టూ ఎర్రగా రంగు దిగితే అది పేల రెట్ట, అంటే అవి తాగిన నెత్తురు.

ఇంజెక్షన్ పది రోజులే పనిచేయడానికి కారణం ఇదే. స్టెరాయిడ్ దురదను అణుస్తుంది, పేలను చంపదు. ఇలా మాటిమాటికీ వేయిస్తే కుక్క నీళ్లు ఎక్కువ తాగుతుంది, మూత్రం ఎక్కువ పోస్తుంది, పొట్ట జారుతుంది, పుండ్లు త్వరగా మానవు. వద్దనుకోవడంలో మీ ఆలోచన సరైనదే.

పెద్ద పేలు కుక్క మీద ఉంటాయి, కానీ వాటి గుడ్లు, పిల్లపురుగులు, గూళ్లు అది పడుకునే చోట ఉంటాయి. మీ చెరువు గట్టు మీద షెడ్డు నీడ, తేమ ఇసుక, పాత గోనెసంచులు వాటికి కావాల్సినవే. ఎండ తగిలే చోట అవి బతకలేవు. కాబట్టి షెడ్డులో పై ఇసుకను తీసి ఎండలో పలుచగా పరచండి. పాత గోతాలు కాల్చేయండి, పరుపుగుడ్డ ఉంటే మరిగే నీళ్లలో ఉడకబెట్టి ఎండేయండి. వారం వారం ఇలా చేయాలి. గూళ్లలోని పేలు నెలల తరబడి దాగి ఉంటాయి కనుక మూడు నెలలు వదలకూడదు.

రొయ్యల రైతుగా మీరు తప్పక గుర్తుంచుకోవాల్సిన విషయం ఇంకొకటి ఉంది. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటి పేల మందులు రొయ్యలకు పెద్ద విషం. ఈ మందుతో కుక్కను కడిగిన నీళ్లు చెరువులోకి జారినా, మందు రాసిన కుక్క చెరువులో దూకినా ఆ గుంటలో రొయ్యలు చచ్చే ప్రమాదం ఉంది. అందుకే మీ కుక్కకు పైపూత మందు కంటే నోటి ద్వారా ఇచ్చే మాత్ర మేలు. నెలకోసారి ఇచ్చే అఫోక్సోలానర్ గానీ, 12 వారాలు పనిచేసే ఫ్లూరలానర్ గానీ బరువును బట్టి పశువైద్యుడు రాస్తారు. గతంలో ఫిట్స్ వచ్చి ఉంటే ముందే చెప్పండి. చెరువు దగ్గర తిరిగే ఇతర కుక్కలకూ, పిల్లులకూ పేలు పోగొట్టాలి. పిల్లికి మాత్రం కుక్క మందు వాడొద్దు, కొన్ని కుక్క మందుల్లో ఉండే పెర్మెత్రిన్ పిల్లిని చంపుతుంది. పేలను మింగిన కుక్కకు బద్దెపురుగులు రావచ్చు. మలంలో దోసగింజల్లాంటివి కనిపిస్తే నట్టల మందు కూడా అడగండి.

ఇక మీరడిగిన ప్రత్యామ్నాయ వైద్యాలు. అన్నింటిలోకి నాకు నమ్మకమున్నది చేపనూనె. అందులోని ఒమేగా-3 కొవ్వులు చర్మం మంటను తగ్గిస్తాయి, స్టెరాయిడ్ అవసరాన్ని కూడా తగ్గించగలవు. మనుషులు వాడే 1000 మిల్లీగ్రాముల మామూలు క్యాప్సూల్ రోజుకొకటి మొదలుపెట్టి, విరేచనాలు కాకపోతే రెండు వారాల్లో మూడుకు పెంచండి. ఫలితానికి రెండు మూడు నెలలు పడుతుంది. కాడ్ లివర్ ఆయిల్ వద్దు, అందులో ఎ, డి విటమిన్లు మోతాదు మించుతాయి. ఉప్పుచేప కూడా పెట్టవద్దు.

వారానికోసారి చల్లని మంచినీళ్లతో పది నిమిషాలు స్నానం చేయిస్తే హాయిగా ఉంటుంది. ఓట్స్ మెత్తగా పొడిచేసి ఆ నీళ్లలో కలపవచ్చు. పుండ్లున్నంత కాలం క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ షాంపూ వాడి, బాగా తుడిచి ఆరబెట్టండి. చెరువు ఉప్పునీళ్లు వద్దు. కలబంద గుజ్జు రాయవచ్చు, కానీ పసుపురంగు జిగురు పూర్తిగా కడిగేశాకే, ఎందుకంటే అది నాకితే విరేచనాలవుతాయి. వేపనూనె పుండ్ల మీద మంటపెడుతుంది, నాకితే వాంతులు. మానేయండి. హోమియో మందు అలర్జీ ఉన్న కుక్కలకు మేలు చేస్తుందనడానికి గట్టి రుజువు లేదు. దాన్ని నమ్మి పేల మాత్ర ఆపితే కుక్క బాధ పెరుగుతుంది.

ఆరు వారాలు ఇవన్నీ శ్రద్ధగా చేసినా దురద తగ్గకపోతే, లేదా పాదాలు, చెవులు, చంకలు కూడా ఎర్రబడితే కారణం వేరే కావచ్చు. తిండి అలర్జీ అయితే ఎనిమిది వారాలు ఎప్పుడూ తినని ఒకే రకం మాంసం, ఒకే రకం గింజ పెట్టి చూడాలి. కోడి, గుడ్డు, పాలు, రొయ్య తలకాయలు అన్నీ ఆపాలి. గాలిలోని దుమ్ము, పుప్పొడి వల్ల అయితే స్టెరాయిడ్ కాని మందులున్నాయి. తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లి చర్మం గీకి పరీక్ష చేయించండి. వెళ్లేటప్పుడు ఆ నాలుగు ఇంజెక్షన్ల పేర్లు, తేదీలు రాసుకుని పోండి. చీము కారుతూ వాసన వస్తే మాత్రం ఆరు వారాలు ఆగకండి, ఈ వారమే చూపించండి.